గోడ మీది కాగితానికి చెవులుండవు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి నా గొంతు వినిపిస్తోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే, వినిపిస్తోంది. చూశారా, నేను అడిగాను, మీరు చెయ్యెత్తారు, నాకు తెలిసింది. వినిపించకపోతే నేను మైకు దగ్గరికి లాక్కునేదాకా మీరూ ఊరుకునేవారు కాదు. ఎంత చిన్న పని! అడగడం, బదులు రావడం, దాన్ని బట్టి సర్దుకోవడం. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ చిన్న పని గురించే.

గోడలకు చెవులుంటాయని పెద్దలంటారు. ఆ గోడ మీద మనం అతికించే కాగితానికి మాత్రం చెవులుండవు. అది చెబుతుంది, వినదు. చదివే మనిషి నొసలు ముడిచినా దానికి కనబడదు. "ఏంటీ?" అని అడిగినా దానికి వినబడదు. మనం రోజంతా మనుషులతో మాట్లాడతాం. ఆ అలవాటుతోనే కాగితం మీద నాలుగు ముక్కలు రాసి అతికించేస్తాం. చిక్కంతా అక్కడే వస్తోందని నా నమ్మకం. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు మనకు తెలియకుండానే అందే సాయం ఒకటుంది. కాగితానికి ఆ సాయం లేదు. అదేమిటో అర్థమైతే బోర్డు ఎలా రాయాలో సగం తెలిసినట్టే. అందుకని ముందు మాట దగ్గర మొదలుపెడతాను. బోర్డు సంగతి తర్వాత.

ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరు ప్రశ్న అడిగారు, రెండోవారు జవాబు చెప్పారు. మధ్యలో ఎంత ఖాళీ ఉంటుందనుకుంటున్నారు? 2009లో కొందరు పరిశోధకులు పది భాషల్లో జనం మామూలుగా మాట్లాడుకుంటున్న వీడియోలు తీసుకుని దీన్ని కొలిచారు. జపనీస్, కొరియన్, డేనిష్, ఇటాలియన్, లావో, ఇంకా కొద్దిమంది మాత్రమే మాట్లాడే చిన్న భాషలు కూడా అందులో ఉన్నాయి. అవునా కాదా అని తేల్చే ప్రశ్నలకు జవాబు రావడానికి పట్టిన సమయం, అన్ని భాషలూ కలిపి సగటున, దాదాపు 200 మిల్లీసెకన్లు. అంటే సెకనులో అయిదో వంతు. రెప్పపాటు. భాషకీ భాషకీ కొంచెం తేడా ఉంది కానీ ఆ తేడా కూడా సెకనులో చిన్న ముక్కే.

ఇప్పుడు ఇంకో లెక్క చెబుతాను. ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటే, ఒక్క మాట నోట్లోంచి రావడానికి మనిషికి 600 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఒక్క మాటకే అంత పడితే, మొత్తం జవాబు 200లో ఎలా వస్తోంది? ఒకటే దారి. ఎదుటివారు ప్రశ్న పూర్తిచేయకముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నాం. వాళ్ళ వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే పసిగడుతున్నాం. వినడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం అనుకుంటాం కదా? కాదండీ. వినే మనిషి చెప్పే మనిషితో సమానంగా పని చేస్తున్నాడు.

దీనికి ఇంకా గట్టి రుజువు ఉంది. నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఇది, కొంచెం నెమ్మదిగా చెబుతాను. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలాస్ అనే ఆవిడ, తన సహచరులతో కలిసి చేశారు. 2000లో అచ్చయింది. ఒక మనిషిని తన జీవితంలో త్రుటిలో తప్పిన ప్రమాదం గురించి చెప్పమన్నారు. ఎదురుగా ఇంకో మనిషిని కూర్చోబెట్టారు. కొందరు శ్రోతలకు మాత్రం రహస్యంగా వేరే పని అప్పగించారు. కథలో ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు ఎన్ని వస్తాయో లెక్కపెట్టాలి. అంటే వాళ్ళు ప్రతి మాటా శ్రద్ధగానే వింటున్నారు. కానీ కథ వినడం లేదు. "అయ్యో" అనాల్సిన చోట అనలేదు. ముఖం చిట్లించాల్సిన చోట చిట్లించలేదు. ఏమైందో తెలుసా? కథ చెప్పేవాళ్ళు తడబడ్డారు. ముఖ్యంగా కథ చివరికి వచ్చేసరికి. ఉత్కంఠగా ముగియాల్సిన చోట గబుక్కున ముగించేశారు, లేదా చెప్పిందే చెబుతూ, "అంటే అది నిజంగా ప్రమాదమేనండీ" అని సమర్థించుకుంటూ ఉండిపోయారు. శ్రోత లోపల లేకపోతే కథ చెప్పే మనిషికి సొంత కథ కూడా చెప్పడం చేతకాలేదు. ఆలోచించండి.

మనం ఊ కొట్టడం అంటామే, అది మర్యాద కోసం చేసే పని కాదు. పిల్లలకు కథ చెప్పేటప్పుడు "ఊ కొట్టు, లేకపోతే చెప్పను" అనే పెద్దవాళ్ళు బెదిరించడం లేదు. నిజంగానే ఊ లేకపోతే కథ నడవదు. అంచేత "నేను బాగా మాట్లాడలేను" అని బాధపడేవాళ్ళకి నా మాట ఒకటే. మీ ఎదుట ఎవరు కూర్చున్నారో కూడా చూడండి. లోపం అంతా మీలోనే ఉండకపోవచ్చు. అలాగే ఇంట్లో పిల్లలు ఏదో చెబుతుంటే ఫోను చూస్తూ "ఆ, వింటున్నా, చెప్పు" అనేవాళ్ళకీ ఇదే చెబుతాను. చెవిలో మాటలు పడుతూనే ఉండవచ్చు. కానీ ఎదుటి చిన్నవాడి కథ కుంటుపడుతోంది.

ఇంక రెండో సాయం. ఇది ఇంకా ముఖ్యం. మాట అర్థం కాకపోతే ఏం చేస్తాం? అడుగుతాం. "ఆఁ?" అంటాం. "ఎవరు?" అంటాం. "అంటే మంగళవారమా?" అంటాం. 2015లో పన్నెండు భాషల సంభాషణలు గమనించినవాళ్ళు తేల్చిందేమిటంటే, సగటున నిమిషంన్నరకు ఒకసారి, నిజానికి అంతకన్నా కొంచెం తక్కువ సమయానికే, ఎవరో ఒకరు ఇలా ఆపి అడుగుతారు. కొట్లాటలో కాదు, గందరగోళంలో కాదు, మామూలు మాటల్లో. రోజుకి ఎన్నిసార్లు అడుగుతుంటామో చూడండి. మనకి గుర్తు కూడా ఉండదు, అంత హాయిగా జరిగిపోతుంది.

వాళ్ళు ఇంకో విషయం కూడా చూశారు. ఎంతవరకు అర్థమైందో అంతవరకూ చూపించి మిగతాదే అడుగుతారట మనుషులు. ఏమీ వినబడకపోతేనే "ఆఁ?" అంటారు. పేరు ఒక్కటే అందకపోతే "ఎవరు వచ్చారూ?" అంటారు. దాదాపు అర్థమైతే "మంగళవారమేగా?" అని సరిచూసుకుంటారు. ఎందుకంటే "ఆఁ?" అంటే ఎదుటివారు మొత్తం మళ్ళీ చెప్పాలి. "మంగళవారమేగా?" అంటే వాళ్ళు "ఆ" అంటే చాలు. ఎదుటివారి శ్రమ తగ్గించడానికి మనం మన వంతు శ్రమ పడుతున్నాం. ఎవరూ నేర్పలేదు. అన్ని భాషలవాళ్ళూ చేస్తున్నారు. నాకైతే ఇది మనుషుల మంచితనానికి పెద్ద రుజువు అనిపిస్తుంది.

మరి ఈ అడిగే వీలు పోతే? దానికి చరిత్రలో ఒక భయంకరమైన ఉదాహరణ ఉంది. 1977 మార్చి 27. కానరీ దీవుల్లో టెనెరిఫే విమానాశ్రయం. ఒకటే రన్‌వే, దట్టమైన పొగమంచు, రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు. ఒకదాని నుంచి రేడియోలో "మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నట్టు ఒక మాట వచ్చింది. కంట్రోలర్ దాన్ని, బయల్దేరడానికి సిద్ధంగా నిలబడ్డారు అనే అర్థంలో తీసుకున్నారు. విమానం మాత్రం అప్పటికే కదిలింది. కంట్రోలర్ "ఆగండి, నేను పిలుస్తాను" అన్నారు. సరిగ్గా అదే క్షణంలో రెండో విమానం వాళ్ళు "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అన్నారు. రెండు మాటలూ ఒకే రేడియోలో ఒకేసారి రావడంతో ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. కదిలే విమానంలో ఉన్నవాళ్ళకు వినిపించింది చాలావరకు కీచుమనే చప్పుడు. రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు.

ఆ తర్వాత విమానయానంలో నియమాలు గట్టిపడ్డాయి. టేకాఫ్ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఆ అనుమతి రద్దు చేసేటప్పుడే వాడాలి. మిగతా సమయాల్లో వేరే మాట వాడాలి. ముఖ్యమైన ఆదేశం ఏదైనా వింటే "సరే" అంటే కుదరదు, విన్నదాన్ని తిరిగి అప్పజెప్పాలి. గమనించండి, పైలట్లకి మాట్లాడడం రాక కాదు ఈ నియమాలు. ఎదురెదురుగా ఉన్నప్పుడు ముఖం చూసి సరిచూసుకునే పనిని, ముఖం కనబడని చోట నియమంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆసుపత్రుల్లో కూడా ఈ పద్ధతి నేర్పుతున్నారు. మందులు ఎలా వేసుకోవాలో చెప్పాక "అర్థమైందా?" అని అడగొద్దంటారు. ఎందుకు? అర్థమైందా అంటే ఎవరైనా ఏమంటారు? "ఆ, అర్థమైంది" అంటారు. మొహమాటం, భయం, తొందర. దానికి బదులు ఇలా అడగాలి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను. ఇంటికి వెళ్ళాక ఏ మందు ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి." చూశారా, పరీక్ష వినేవారికి కాదు, చెప్పినవారికి. ఈ వాక్యం దయచేసి గుర్తుంచుకోండి, బోర్డుల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

చెప్పేవాళ్ళకి ఉన్న ఇంకో గుడ్డితనం కూడా చెప్పి ముందుకు వెళతాను. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది. ఒకరు బాగా తెలిసిన పాట వరసను వేళ్ళతో బల్ల మీద కొట్టాలి. రెండోవారు ఏ పాటో చెప్పాలి. కొట్టేవాళ్ళు, సగం పాటలైనా వీళ్ళు పట్టుకుంటారు అనుకున్నారు. 120 పాటల్లో పట్టుకున్నవి ఎన్ననుకుంటున్నారు? అరవై? ఇరవై? మూడండీ. మూడే మూడు. కొట్టేవాళ్ళ తలలో వాయిద్యాలతో సహా మొత్తం పాట మోగుతోంది. అవతలివారికి వినబడేది టకటక చప్పుడు. తెలిసినవాడికి తెలియనితనం ఎలా ఉంటుందో గుర్తుండదు. ఇది తెలివితక్కువతనం కాదు, మనందరికీ ఉన్నదే. ఈ విషయం నాకు తెలుసు కదా అని నాకు జరగకుండా ఉండదు.

ఫోన్లో పంపే మెసేజ్‌లు నోటి మాటకీ, గోడ మీది కాగితానికీ మధ్యలో ఉంటాయి. చెవులున్నాయి కానీ ఆలస్యంగా వినబడుతుంది, గొంతు లేదు, ముఖం లేదు. వెటకారంగా రాసిన వాక్యాన్ని చదివేవాళ్ళు తప్పకుండా పసిగడతారని రాసినవాళ్ళు గట్టిగా నమ్ముతారు. ప్రయోగాల్లో చూస్తే, చదివినవాళ్ళు పట్టుకున్నది బొమ్మా బొరుసా వేస్తే వచ్చేంతే. 1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, సరదాకి రాసినదాని పక్కన కోలన్, గీత, బ్రాకెట్ కలిపి నవ్వు ముఖం పెడదామని సూచించాడు. అక్కడివాళ్ళ సరదా మాటలు కొందరు నిజమనుకుంటున్నారు, అందుకు. ఇవాళ మనం పెట్టే పసుపుపచ్చ ముఖాలన్నిటి వెనకా ఉన్నది ఆ అవసరమే. దాని గురించి ఇంతకన్నా ఆగను, నా మనసంతా బోర్డుల మీదే ఉంది.

బోర్డు దగ్గరికి వద్దాం

లిఫ్టు తలుపు మీద కాగితం. "లిఫ్టు పనిచేయదు." అంతే. మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారు? ఇందులో తప్పేముంది, నిజమే చెప్పారు కదా అంటారేమో. నిజమే చెప్పారు. కానీ ఎవరికి కావలసిన నిజం? చదివే మనిషి మోకాళ్ళ నొప్పితో నిలబడి ఉన్నారు. ఆవిడకి మెట్లు ఎటువైపో తెలియాలి. ఇంకో లిఫ్టు ఉందా? ఎప్పటికి బాగవుతుంది? మెట్లు ఎక్కలేనివాళ్ళు ఎవరిని పిలవాలి? లిఫ్టు పాడైన సంగతి బటన్ నొక్కితే తనకే తెలుస్తుంది. ఆ కాగితం రాసినవాళ్ళు తమకు తెలిసింది రాశారు. చదివేవాళ్ళకు కావలసింది రాయలేదు.

ఇది చిన్న విషయం అనుకుంటే పెద్ద ఉదాహరణ ఇస్తాను. 1979 మార్చి 28, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. ఒక వాల్వ్ తెరుచుకుని మళ్ళీ మూసుకోవాలి, మూసుకోలేదు. రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్ళు దానిలోంచి పోతున్నాయి. కంట్రోల్ రూములో ఆ వాల్వ్‌కి ఒక దీపం ఉంది. దీపం ఆరిపోయి ఉంది, కాబట్టి వాల్వ్ మూసుకుందని ఆపరేటర్లు నమ్మారు. అసలు ఆ దీపం చెబుతున్నదేమిటి? మూసుకోమన్న సంకేతం వాల్వ్‌కి వెళ్ళింది అని మాత్రమే. వాల్వ్ మూసుకుందా లేదా అన్నది ఆ దీపానికి తెలియదు. రెండు గంటలకు పైగా నీళ్ళు పోతూనే ఉన్నాయి, రియాక్టర్ గుండెలో చాలా భాగం కరిగింది. కారణాలు ఇంకా ఉన్నాయి, ఒక్క దీపం మీద అంతా తోసేయను. కానీ ఆ దీపం అబద్ధం చెప్పలేదు, గమనించండి. "నేను చెప్పాను" అంది. వాళ్ళకి కావలసింది "పని జరిగింది" అన్న మాట. నోటీసు అంటించి "మేము చెప్పాం కదా" అనే ప్రతివాళ్ళూ ఆ దీపం చేసిన పనే చేస్తున్నారు.

కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇది. కాగితం రాశాక, దాని ముందు ఒక మనిషి నిలబడి "ఆఁ?" అంటున్నట్టు ఊహించుకోండి. తర్వాత "ఎక్కడ?" అంటున్నట్టు. "ఎవరిని?" "ఎప్పటిదాకా?" "మరి నేనేం చెయ్యాలి?" నోటి మాటలో నిమిషంన్నరకోసారి వచ్చే ఆ ప్రశ్నలన్నీ కాగితం దగ్గర కూడా వస్తాయి. వినేవాళ్ళు లేరు, అంతే. మీరు ముందే వినాలి.

"అనుమతి లేనిదే లోనికి ప్రవేశించరాదు." ఎవరి అనుమతి? ఆ మనిషి ఎక్కడుంటారు? అనుమతి కావాలంటే ఆ తలుపు తీసుకుని లోపలికే వెళ్ళాలేమో! "ఇక్కడ చెత్త వేయరాదు." మరి ఎక్కడ వేయాలి? చేతిలో చెత్త పట్టుకున్న మనిషికి "ఇక్కడ కాదు" అనే మాట సగం మాటే. "డబ్బా ఎడమ పక్క మలుపులో ఉంది" అని బాణం గుర్తు వేసి చూడండి. "రేపు సెలవు." తేదీ లేదు. ఇవాళ చదివినా రేపే, ఎల్లుండి చదివినా రేపే. నోటి మాటలో రేపు అంటే ఏ రోజో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒకే రోజులో నిలబడి ఉన్నారు కాబట్టి. కాగితం రాసిన రోజు ఒకటి, చదివే రోజు ఇంకొకటి. రేపు, ఇక్కడ, పైన, మేము, ఈ మాటలు నాలుగూ కాగితం మీదికి వస్తే అనుమానించండి.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. నోటితో మనం ఎంత చక్కగా మాట్లాడతాం! "ఆ నీళ్ళు తాగకండి, బాగాలేవు" అంటాం. అదే మనిషి చేతికి కాగితం ఇస్తే, "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా..." అని మొదలుపెడతాడు. నీళ్ళు బాగాలేవన్న సంగతి ఆరో వరసలో ఉంటుంది. రెండో వరస దాకా చదివే ఓపిక దారిన పోయేవారికి ఎందుకుంటుంది? "నిషేధించడమైనది" అంటే ఎవరు నిషేధించారో తెలియదు, ఎందుకో తెలియదు. ఆ భాషకి గౌరవం ఉందని రాసేవాళ్ళ నమ్మకం. చదివేవారి సమయానికి విలువ ఇవ్వడమే నాకు తెలిసిన గౌరవం. ముందు వరసలో అసలు సంగతి, పెద్ద అక్షరాల్లో. కారణం ఒక్క వాక్యంలో. కారణం చెబితే జనం వింటారు, పిల్లలకైనా పెద్దలకైనా అంతే.

కారణం చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ పార్కు ఉంది. కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు రాయిగా మారిపోయిన చోటు. సందర్శకులు ఆ రాతి ముక్కలు జేబులో వేసుకుపోతుంటారు. రాబర్ట్ సియాల్డినీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం దారి పక్కన గుర్తు పెట్టిన ముక్కలు ఉంచి, రెండు రకాల బోర్డులు మార్చి మార్చి పెట్టారు. ఒక బోర్డు, "ఇదివరకు వచ్చినవాళ్ళు చాలామంది ముక్కలు తీసుకుపోవడంతో అడవి పాడైంది" అనే అర్థంలో. రెండోది, "దయచేసి తీసుకోకండి" అని నేరుగా. రెండో బోర్డు ఉన్నప్పుడు పోయిన ముక్కలు 1.67 శాతం. మొదటి బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం! ఎందుకంటే ఆ బోర్డు బాధగా చెప్పిన మాటలో జనానికి వినిపించింది వేరే: "అందరూ తీసుకుంటున్నారు." మనం ఎన్ని చోట్ల ఇలా రాస్తున్నామో చూడండి. "చాలామంది నియమాలు పాటించడం లేదు, కనుక..." అని. ఎదురుగా మనిషి ఉంటే ఆ మాట అనగానే వాళ్ళ ముఖంలో "ఓహో, అందరూ అంతేనా" అన్నది కనబడేది, మనం మాట మార్చుకునేవాళ్ళం. బోర్డుకి కనబడదు.

బొమ్మల సంగతి. చదువు రానివాళ్ళు, ఆ భాష రానివాళ్ళు, కళ్ళజోడు మరిచినవాళ్ళు ఉంటారు కాబట్టి బొమ్మలు కావాలి. ఇందులో ప్రపంచం కలిసికట్టుగా మంచి పని చేసింది. ఎర్ర వలయంలో అడ్డగీత ఉంటే చేయకూడదు. పసుపు త్రికోణం ఉంటే జాగ్రత్త. నీలి వలయం ఉంటే తప్పక చేయాలి. ఆకుపచ్చ దీర్ఘచతురస్రం ఉంటే క్షేమం అటు. అంతర్జాతీయ ప్రమాణాలు ఇవి. రంగుతో పాటు ఆకారం కూడా ఎందుకు మార్చారు? ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్ళు చాలామందికి ఉన్నాయి కాబట్టి. పరిగెడుతూ తలుపులోంచి బయటికి వెళ్ళే ఆకుపచ్చ మనిషిని చూసి ఉంటారు. జపాన్ డిజైనర్ యుకియో ఓటా 1970ల చివర్లో గీసిన బొమ్మ అది. దానికి ఏ భాషా అక్కర్లేదు.

కానీ బొమ్మ అంటే అందరికీ దానంతటదే అర్థమవుతుందనుకోవద్దు. రేడియేషన్ గుర్తు తెలుసు కదా, మధ్యలో చుక్క, చుట్టూ మూడు రెక్కలు. 1946లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో గీశారు. తెలిసినవాళ్ళకి అది చూడగానే గుండె ఝల్లుమంటుంది. తెలియనివాళ్ళకి? ఫ్యాను రెక్కల్లా ఉంటుంది. అందుకే 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇంకో గుర్తు తెచ్చింది. ఎర్ర త్రికోణంలో పాత గుర్తు నుంచి వచ్చే కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి. ఖరారు చేసే ముందు 11 దేశాల్లో 1,650 మందికి చూపించి అడిగారు. దాన్ని పెట్టే చోటు కూడా ఆలోచించారు. పైన అందరికీ కనబడేలా కాదు, ప్రమాదకరమైన పదార్థం ఉన్న పెట్టెను ఎవరైనా విప్పబోతే అప్పుడు కనబడేలా. సరిగ్గా చెయ్యి పెట్టబోయే క్షణంలో. చోటు అంటే అదీ.

చోటు గురించి మనం ఎంత తక్కువ ఆలోచిస్తామో! దారి చీలే చోటుకు ముందు ఉండాల్సిన బోర్డు, చీలాక ఉంటుంది. తలుపుకి పట్టుకుని లాగే పిడి పెట్టి, దాని పైన "తోయండి" అని రాస్తారు. చేతికి పిడి చెప్పింది ముందు వినబడుతుంది, కంటికి అక్షరం తర్వాత. అక్కడ మార్చాల్సింది బోర్డు కాదు, పిడి. తెలుగు అక్షరాలతో ఇంకో ఇబ్బంది ఉంది. ద, ధ, థ. బ, భ. తేడా అంతా ఒక చిన్న గీతలో, ఒక చుక్కలో ఉంది. అక్షరాన్ని అందంగా ఉంటుందని బాగా లావు చేస్తే ఆ చుక్క పూడిపోతుంది. వత్తులు కింది వరసలోకి దిగి గుడిని తాకుతాయి. బోర్డు గీయించేటప్పుడు బల్ల మీద పెట్టుకుని చూడకండి. గోడకి నిలబెట్టి, చదివేవారు ఎంత దూరంలో ఉంటారో అంత దూరం నడిచి వెళ్ళి చూడండి.

పాత కాగితాలు తీసేయడం మరిచిపోవద్దని బతిమాలుతున్నాను. కిందటేడు గడువు ముగిసిన నోటీసు పక్కన ఇవాళ్టి నోటీసు పెడితే, ఇవాళ్టిది కూడా పాతదే అనుకుంటారు. కాగితం కింద మూలలో "ఫలానా తేదీన తీసేయాలి" అని రాసిపెట్టండి, ఎవరు తీయాలో కూడా.

చివరిగా ఒక్కటి. బోర్డుకి చెవులు లేవన్నాను కదా. నిజానికి ప్రతి బోర్డుకీ పక్కన ఎక్కడో ఒక జత చెవులుంటాయి. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి, గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన. బోర్డు చదివి అర్థంకానివాళ్ళందరూ వెళ్ళి అడిగేది వాళ్ళనే. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా "అటు వెళ్ళండి, ఆ గది కాదు, ఇది ఇవాళ్టిది కాదు" అని చెప్పి చెప్పి వాళ్ళ గొంతు ఆరిపోతుంది. జనం బోర్డు చదవరని మనం విసుక్కుంటాం. చదివే వచ్చి ఉంటారు, చదివాక మిగిలిన ప్రశ్నతోనే వచ్చి ఉంటారు. ఒక్కోసారి ఎవరో ఆ నోటీసు మీదే పెన్నుతో "ఎక్కడ?" అని రాసి వెళతారు. కాగితం పాడుచేశారని చింపి కొత్తది, అదే రాతతో, అంటిస్తాం. ఆ మనిషి మనకి ఎంత సాయం చేశారో చూడం.

మీలో నోటీసులు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. బడులు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు నడిపేవాళ్ళున్నారు. రేపు వెళ్ళాక ఆ గేటు దగ్గరి మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారో, వాళ్ళ మాటల్లోనే, ఒక కాగితం మీద రాసుకోండి. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నకు జవాబు బోర్డులో మొదటి వరస కావాలి. రాశాక, అంటించే ముందు, ఆ విషయం ఏమీ తెలియని ఇద్దరు ముగ్గురికి చూపించండి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. "ఇది చదివి ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడగండి. వాళ్ళు వేరే పని చెబితే వాదించకండి, కాగితం మార్చండి. గేటు దగ్గరి పెద్దాయనకి కూడా ఆ కాగితం ముందే చూపించండి. అందులో ఏది పనిచేస్తుందో, జనం ఏ మాట దగ్గర ఆగిపోతారో ఆయన మీకన్నా బాగా చెప్పగలరు.